అట్టపెట్టెకు కత్తి పెట్టే ముందు

– పాత అట్టపెట్టెను కోసి సామాను సర్దుకునే డబ్బా చేస్తున్నారా? ముందు పెట్టెను ఒకసారి వాసన చూడండి. చెమ్మ వాసన వచ్చినా, నూనె మరకలున్నా వదిలేయండి. బట్టలో, పుస్తకాలో సర్దాక బూజు కనిపిస్తే ఏం లాభం? పైగా అట్ట పొరలను అతికించేది ఎక్కువగా పిండి జిగురే, పురుగులకు అది విందు.

– పిన్నులన్నీ పీకారా? పేరు, ఫోన్ నంబరు ఉన్న లేబుల్ చింపేశారా?

– కట్టర్ బ్లేడు కొత్తదేనా? మొద్దు బ్లేడుకు బలం ఎక్కువ పెడతాం, అది జారి వేలు తెగుతుంది. స్టీలు స్కేలు ఆనించి, ఒకే ఊపులో కాకుండా రెండు మూడు గీతల్లో కోయండి. కింద పాత అట్ట వేయండి. మా టేబుల్ మీద గాటు ఇంకా అలాగే ఉంది.

– డబ్బా గోడల్లో అట్ట పొరల మధ్య ఉండే ముడతలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే బరువుకు కుంగిపోతుంది.

– వేడి జిగురుతో అతికించే గ్లూ గన్ పిల్లలకు ఇవ్వొద్దు.