ఆయిల్ ఫర్నేస్ అంటుకోవడం లేదా? రీసెట్ రెండోసారి నొక్కకముందు ఇవి చూడండి

ఇంటిని వేడిచేసే ఆయిల్ ఫర్నేస్ ఆగిపోయినప్పుడు మళ్లీ స్టార్ట్ చేసే రీసెట్ బటన్ ఒక్కసారే నొక్కాలి. అంటుకోకపోతే ఆగిపోవాలి. ఎన్నిసార్లు చెప్పినా జనం పట్టించుకోని మాట ఇదే కాబట్టి ముందుగా చెబుతున్నాను. బటన్ నొక్కిన ప్రతిసారీ మంట కనబడక కంట్రోల్ ఆపేసేదాకా, అంటే మోడల్‌ను బట్టి 15 నుంచి 45 సెకన్ల పాటు, నాజిల్ మంట మండే ఛాంబర్‌లోకి నూనె చిమ్ముతూనే ఉంటుంది. కాలని ఆ నూనె అక్కడే చేరుతుంది. అలా అయిదారుసార్లు నొక్కాక ఎప్పుడో స్పార్క్ తగిలితే అంతా ఒక్కసారిగా అంటుకుని ఢామ్మంటుంది. పొగగొట్టం ఊడిపోవచ్చు, గదుల నిండా మసి పట్టవచ్చు. ఛాంబర్‌లో నూనె నిలిచి కనిపిస్తే, లేదా నూనె వాసన గుప్పుమంటే, కరెంటు ఆపి, నూనె వాల్వ్ కట్టి మెకానిక్‌ని పిలవండి.

అసలు చలనమే లేదు

ఎమర్జెన్సీ స్విచ్ ఎవరో లైటు స్విచ్ అనుకుని ఆపేసి ఉంటారు. బ్రేకర్, థర్మోస్టాట్ కూడా చూడండి.

మోటారు తిరుగుతోంది, మంట రావడం లేదు

మొదట ట్యాంకులో నూనె ఉందా? గేజ్‌ని నమ్మకండి, దాని ఫ్లోట్ ఇరుక్కుపోయి ఖాళీ ట్యాంకుకు కూడా సగం చూపిస్తుంది. పుల్ల ముంచి చూడండి. తర్వాత వాల్వ్. ఫిల్టర్ మార్చినప్పుడు కట్టేసి తెరవడం మరిచిపోయిన వాల్వ్‌లు ఎన్ని చూశానో! ఈ రెండూ చూడకుండా పంపు మార్చేసినవాళ్లున్నారు.

నూనె సరిగ్గా వస్తుంటే ఇక స్పార్క్ సంగతి. స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రోడ్ల పింగాణీ పగిలిందా, మొనల మధ్య దూరం బర్నర్ (నూనెను గాలితో కలిపి మండించే భాగం) పుస్తకంలో చెప్పినంత ఉందా చూడండి, అదీ కరెంటు ఆపాకే. ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సుమారు 10,000 వోల్టులు వస్తాయి. స్క్రూడ్రైవర్ పెట్టి స్పార్క్ చూసే పద్ధతి మానేయండి. నాజిల్ మూసుకుపోతే కడగొద్దు, మార్చండి. కొత్తదానికీ గంటకు ఎన్ని గ్యాలన్లు, ఏ కోణం, ఏ రకం స్ప్రే అన్న మూడూ బర్నర్‌కు చెప్పినట్టే ఉండాలి.

అంటుకుంటుంది, కాసేపటికే ఆగిపోతుంది

మంటను చూసే క్యాడ్ సెల్‌కు మసి పట్టి ఉంటుంది. మెత్తటి గుడ్డతో తుడవండి. మంట బాగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 1,600 ఓమ్‌ల లోపు ఉండాలి. తుడిచిన కొద్ది రోజులకే మళ్లీ నల్లబడిందంటే తప్పు సెల్‌ది కాదు, మసిది. ఆ మసి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టాలి.

బ్లీడ్ చేస్తే (లైనులోని గాలి వదిలేస్తే) బాగవుతుంది, నాలుగు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది

నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసింది ఈ సమస్యే. ట్యాంకు నిండుగా ఉంటుంది, ఫిల్టర్ కొత్తది, నాజిల్ కొత్తది. అయినా ఎప్పుడో ఓ రాత్రి లాక్ అయిపోతుంది, అంటే కంట్రోల్ బర్నర్‌ను ఆపేస్తుంది. బ్లీడ్ చేయగానే చక్కగా అంటుకుంటుంది, కాబట్టి పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. ఆగే ముందు బర్నర్ గరగరమంటుంది, మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు చిన్నగా దబ్బుమంటుంది. అసలు ఆనవాలు ఆ శబ్దమే.

పంపు నూనెను ట్యాంకు నుంచి పీల్చే వైపు ఎక్కడో గాలి దూరుతోంది. ట్యాంకు బర్నర్ కంటే కింద ఉంటే ఆ లైనంతా వ్యాక్యూమ్‌లో ఉంటుంది, కాబట్టి లీకు ఉన్నచోట నూనె బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో తాగినట్టన్నమాట. పైపంతా తడిమినా చెయ్యి పొడిగానే ఉంటుంది, అందుకే దొరకదు. ఆ గాలి నాజిల్ లైనులో బుడగలై నొక్కుకుని ఉంటుంది. పంపు ఆగగానే అవి వ్యాకోచించి లైనులో మిగిలిన నూనెను నాజిల్ నుంచి చుక్కలుగా తోసేస్తాయి. సరైన మంట లేకుండా కాలిన ఆ చుక్కలే మసి. క్యాడ్ సెల్‌ను నల్లబరిచేదీ ఇదే. మసి చూసి చాలామంది గాలి ఎక్కువ ఇవ్వాలని ఎయిర్ షట్టర్ తెరుస్తారు, ఉన్న మంట కూడా చెడుతుంది.

పరీక్ష సులువే. పంపు బ్లీడ్ స్క్రూకి పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొసను డబ్బాలో ముంచి, స్క్రూ తెరిచి బర్నర్ నడపండి. మొదట నురగ వస్తుంది, తర్వాత నూనె ధార రావాలి. ధార కుదిరాక కూడా సన్నటి బుడగలు దారంలా వస్తూనే ఉంటే లీకు ఉన్నట్టే. స్క్రూని పంపు తిరుగుతుండగానే బిగించాలి.

లీకు కోసం వెతకాల్సిన మొదటి చోటు చివరిసారి చెయ్యి పడ్డ చోటు. ఫిల్టర్ గిన్నె వాషర్ పాతదే మళ్లీ వేశారా, పైనున్న బోల్టు కింది వాషర్ మాయమైందా? తర్వాత పంపు మూత గ్యాస్కెట్, వాల్వ్ కాడ దగ్గరి ప్యాకింగ్. లైనులో కంప్రెషన్ ఫిట్టింగులుంటే నేను వెతుకుతూ కూర్చోను, తీసేసి ఫ్లేర్ ఫిట్టింగులు వేస్తాను. మర మీద టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, దాని పీలికలు పంపులోకి చేరతాయి. చివరగా వ్యాక్యూమ్ గేజ్ పెట్టి 10 అంగుళాల (పాదరసం) వ్యాక్యూమ్‌కు లాగి పంపు ఆపండి. ముల్లు అయిదు నిమిషాలు కదలకుండా ఉంటేనే లైను బాగుపడ్డట్టు. రెండు పైపుల లైనులో (ఒకటి నూనె తేవడానికి, ఒకటి మిగిలింది తిరిగి పంపడానికి) పంపు గాలిని చాలావరకు ట్యాంకుకే తిప్పి పంపుతుంది కాబట్టి అక్కడ ఈ తప్పు ఇంకా ఎక్కువ కాలం దాగి ఉంటుంది.

ఇక అడ్జస్ట్‌మెంట్

లైను శుభ్రమయ్యాకే షట్టర్ జోలికి వెళ్లండి. పంపు ప్రెషర్ కూడా అంచనాతో తిప్పకూడదు. పాత బర్నర్లకు 100, కొత్తవాటిలో చాలావాటికి 140 పీఎస్ఐ, మీదానికెంతో పుస్తకంలో చూడండి. పావుగంట నడవనిచ్చి డ్రాఫ్ట్ (పొగగొట్టం లాగే బలం) ముందు సరిచేయండి, మంట పైన మైనస్ 0.01 నుంచి 0.02 అంగుళాల నీటిమట్టం దగ్గర ఉండాలి. పొగ పరీక్ష కాగితం మీద లేత మరక వచ్చేదాకా గాలి తగ్గించి, అక్కడ కార్బన్ డయాక్సైడ్ శాతం చూసి, అది ఒకటి ఒకటిన్నర తగ్గేంత గాలి మళ్లీ ఇవ్వండి. మరక సున్నా కావాలి. కంటితో మంట రంగు చూసి తిప్పేవాళ్లను నమ్మొద్దు. మంట సరిగ్గా లేకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కొలిచే పరికరాలు లేకపోతే ఈ భాగం మెకానిక్‌కే వదిలేయండి.

పంపు, మోటారు మధ్య కప్లింగ్ విరగడం, బయటి ట్యాంకులో చలికి నూనె చిక్కబడటం, కంట్రోల్ బాక్స్ పోవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి దాకా వెళ్లండి.