పెరటి కోళ్లను పిల్లి, ముంగిస, గద్దల బారి నుంచి తక్కువ ఖర్చుతో కాపాడుకోవడం ఎలా?

తెల్లారి లేచి చూస్తే గూడు తలుపు ఓరగా తెరిచి ఉంది. వాకిలంతా ఈకలు. అయిదు పెట్టల్లో రెండే మిగిలాయి, అవీ మూలన బిక్కచచ్చి కూర్చున్నాయి. "ముంగిస పనే" అంది అమ్మ. ఆ మాట మీద గూడు చుట్టూ కన్నాలన్నీ పూడ్చాం. వారం తిరక్కముందే ఇంకో పెట్ట పోయింది. మన ఊళ్లలో తిరిగే ముంగిస పగటి జంతువు, రాత్రి బొరియలో పడుకుంటుంది. మా దొంగ చింతకొమ్మ మీదుగా పైకప్పు మీదికి దిగిన మానుపిల్లి, అంటే రాత్రిపూట తిరిగే, చెట్లెక్కే పునుగుపిల్లి లాంటి జంతువు. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముందు దొంగెవరో తేల్చుకోండి, డబ్బు తీయడం ఆ తర్వాత.

ముగ్గుపిండితో జాడ పట్టండి

పొద్దుగూకాక గూడు చుట్టూ మూరెడు వెడల్పున ముగ్గుపిండి గానీ జల్లించిన పొయ్యి బూడిద గానీ పలచగా చల్లండి. పొద్దున కోళ్లను వదలకముందే వంగి చూడండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి, బావురుపిల్లి (అడవిపిల్లి) గోళ్లు ముడుచుకుని నడుస్తాయి కాబట్టి గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు మాత్రమే కనిపిస్తాయి. మానుపిల్లికి అయిదు వేళ్లు. పాము పోతే మెలికల గీత పడుతుంది. ఇలా మూడు నాలుగు రాత్రులు చూడండి, ఒక్క రాత్రితో తేలదు.

నష్టం జరిగిన తీరు కూడా చెబుతుంది. కోళ్లను చంపి, తినకుండా అక్కడక్కడా పడేసి పోతే చాలాసార్లు కుక్కలే. గుడ్లు పెంకు ముక్క కూడా లేకుండా మాయమవుతుంటే పామునో ఉడుమునో అనుమానించాలి. కోడిపిల్లలు పోతూ, గూటి పక్కన తాజాగా మట్టి తోడిపోసిన కన్నం కనిపిస్తే పందికొక్కు. పట్టపగలు తల్లికోడి ఒక్కసారిగా గోల పెట్టి, లెక్కలో ఒక పిల్ల తగ్గితే గద్ద తన్నుకుపోయినట్టే.

రాత్రి గూడు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

పది కోళ్లు రాత్రి పడుకోవడానికి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు సరిపోతుంది. సరుగుడు కర్రలో జామాయిలు కర్రలో నాలుగు పాతి, నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో గూడు కట్టండి. ఎత్తు మీద ఉంటే కుక్క తవ్వలేదు, పందికొక్కు కిందినుంచి రాలేదు. ఒక్కో కాలికి పాత నూనె డబ్బా రేకును అడుగున్నర ఎత్తు వరకు చుట్టి మేకులు కొట్టండి. నున్నటి రేకు మీద ఎలుకకు పట్టు దొరకదు. చాలామంది ఇదంతా చేసి గూటిని ప్రహరీకి ఆనించి పెడతారు. అప్పుడు గోడే నిచ్చెన అవుతుంది. గోడకు, చెట్టుకొమ్మకు వీలైనంత ఎడంగా ఉంచండి, పైకి వంగిన కొమ్మ నరికేయండి.

జాలి కొనేటప్పుడే చాలామంది మోసపోతారు. షాపులో చవగ్గా దొరికే ఆరుపలకల కోళ్ల జాలి కోళ్లను లోపల ఉంచడానికే పనికొస్తుంది, బయటివాటిని ఆపదు. కుక్క దాన్ని పళ్లతో చింపేస్తుంది. పిల్లి కన్నంలోంచి పంజా పెట్టి, జాలికి ఆనుకుని పడుకున్న కోడిని లాగేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు కలిసిన చోటల్లా వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలి) తీసుకోండి. గూడంతా దాంతో కప్పనక్కర్లేదు. మూడు పక్కలా పాత చెక్కలు, రేకులు కొట్టి, గాలి ఆడే ఒక పక్కకి, తలుపుకి మాత్రమే మెష్ వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. మెష్ అంచును మేకు వంచి కాకుండా, పైన చెక్కబద్ద పెట్టి బిగించండి.

ఉన్న గూడు నేలమీదే ఉంటే దాన్ని పడగొట్టొద్దు. గోడల చుట్టూ అడుగు లోతు కందకం తవ్వి, పగిలిన పెంకులు, కంకరరాళ్లు నింపి మట్టి కప్పండి. తవ్వుకుంటూ వచ్చే జంతువు అక్కడ ఆగిపోతుంది.

తలుపుకి తాడు కట్టి వదిలేయొద్దు, గడియ పెట్టండి. తలుపుకీ చట్రానికీ మధ్య మీ చిటికెన వేలు దూరితే ఆ సందు కూడా మూయాలి. కోళ్లు పొద్దుగూకేసరికి వాటంతటవే గూట్లోకి చేరతాయి. లెక్కపెట్టి, ఆ వెంటనే గడియ వేయండి. మా పెట్టలు పోయిన రాత్రి గడియ తర్వాత వేద్దాంలే అనుకుని మర్చిపోయాం.

గూట్లో మేత మిగల్చొద్దు. నూకలుంటే ఎలుకలు, ఎలుకలుంటే వాటి వెనకే పాము. గుడ్లు ఏ పూటకాపూట తీసేయండి. పాముల కోసమని నాఫ్తలీన్ గోళీలు, వెల్లుల్లి చల్లడం వృథా. గూటి పక్కన కట్టెల కుప్ప, రాళ్ల గుట్ట లేకుండా చూడటమే అసలు మందు.

పగటిపూట

మొదటి అయిదారు వారాలు పిల్లల్ని గంప కిందో, వలకప్పిన చిన్న దొడ్లోనో ఉంచండి. గంప మీద బరువైన రాయి తప్పనిసరి. మత్స్యకారులు పక్కన పడేసిన పాత వల అడిగితే ఊరికే ఇస్తారు, దాన్ని నాలుగు గుంజల మీద తలకు పైఎత్తున కట్టండి. నేలమీద పరిస్తే పాములు చిక్కుకుని విలవిల్లాడతాయి. మెరిసే సీడీలు కడితే గద్ద నాలుగు రోజులు జంకుతుంది, తర్వాత అలవాటు పడుతుంది. అంతకంటే పెరట్లో కంది, ఆముదం మొక్కలు గుబురుగా పెంచండి. తల్లికోడి కేక వేయగానే పిల్లలు దూరడానికి నీడ ఉండాలి. కొత్తగా పిల్లల్ని కొనేవాళ్లు తెల్లవాటికి బదులు రంగు ఈకలవి తీసుకోండి, తెల్లపిల్ల ఆకాశం నుంచి ఇట్టే కనిపిస్తుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రంగు ఈకల జాతులు. వనరాజాకు కాళ్లు కూడా పొడుగు, తప్పించుకు పరుగెత్తగలదు.

ఇవి మాత్రం చేయొద్దు

గూడు చుట్టూ కరెంటు తీగ లాగొద్దు. రాత్రి బయటికొచ్చిన ఇంటి మనిషే దానికి తగిలి చనిపోవచ్చు. పురుగుమందు కలిపిన మాంసం పెడితే వీధికుక్కలు, పొరుగింటి పిల్లి, ఒక్కోసారి మీ కోళ్లే దాన్ని తింటాయి. ముంగిసను, మానుపిల్లిని, పామును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పైగా పొలంలో ఎలుకల్ని తినేవి అవే. మనకు కావలసింది మన కోళ్ల దగ్గరికి రాకపోవడమే.

పొదిగే పెట్ట

సాయంత్రం లెక్కలో ఒక పెట్ట తగ్గితే గడ్డివాము వెనక, కంచె పొదల్లో వెతకండి. దొంగచాటుగా గుడ్లు పెట్టి పొదుగుతుంటుంది. ఇరవై ఒక్క రోజులు కదలకుండా కూర్చునే పెట్ట కుక్కకీ బావురుపిల్లికీ సులువైన వేట. చీకటి పడ్డాక, అది మగతగా ఉన్నప్పుడు, గంపలో వరిగడ్డి పరిచి ముందు గుడ్లు సర్దండి. తర్వాత రెండు చేతులతో పెట్టను నెమ్మదిగా ఎత్తి వాటిమీద కూర్చోబెట్టి, గంపను ఇంట్లోకి తెచ్చి పైన గోనెసంచి కప్పండి. రోజుకోసారి మేతకీ నీళ్లకీ బయటికి వదిలితే పది, ఇరవై నిమిషాల్లో తనంతట తనే గుడ్ల మీదికి వస్తుంది.