అవతలి జట్టు ఆటగాడు కన్నుమూసిన రోజు

మాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికొచ్చిన నాన్న కలకత్తా ఫుట్‌బాల్ జట్టు మోహన్ బగాన్‌కి అభిమాని అయ్యారు, నాకూ అదే అబ్బింది. అదే ఊళ్లోని మరో జట్టు ఈస్ట్ బెంగాల్ వాళ్లతో మాకు ఎప్పుడూ పోటీయే. అయితే చావు కబురు వచ్చిన రోజు ఎలా మసలుకోవాలో నాకు నేర్పింది ఒక ఈస్ట్ బెంగాల్ మిత్రుడే.

2020 ఏప్రిల్ 30న మా మోహన్ బగాన్ ఆటగాడు చుని గోస్వామి పోయారు. లాక్‌డౌన్, కదలడానికి లేదు. మిత్రుడు ఫోన్ చేసి, చుని బంతి పట్టుకుని తమ డిఫెండర్లను దాటుకుంటూ వెళ్తుంటే వాళ్ల నాన్న తిట్టుకుంటూనే ఎలా లేచి నిలబడేవారో చెప్పాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. మీరూ అలాగే చేయండి. "శ్రద్ధాంజలి" అని ఫార్వర్డ్ చేసేకంటే, ఆ ఆటగాడు మిమ్మల్ని ఏడిపించిన ఒక్క గోల్ గురించి చెప్పండి. ప్రత్యర్థి నోట ఆ మాట వింటే అభిమానికి ఎంత ఓదార్పో నేను అనుభవించాను.

2023 ఫిబ్రవరి 16న నా వంతు వచ్చింది. తులసీదాస్ బలరామ్ గారు పోయారు. సికింద్రాబాద్‌లో పుట్టి, ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెన్ అయినవారు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. చుని, పి.కె. బెనర్జీలతో కలిసి 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. ఆయన బంతి అందుకుంటే మా నాన్న జట్టు సంగతి మర్చిపోయి "మన సికింద్రాబాద్ అబ్బాయి" అనేవారు. మిత్రుడికి ఫోన్ చేసి అదే చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

కబురు నిజమో కాదో తేలేదాకా ఎవరికీ పంపకండి. బతికున్నవాళ్లను చంపేసే మెసేజ్‌లు చాలా చూశాం. ఆ రోజు "మావాడు గొప్పా, మీవాడు గొప్పా" అనే వాదన పెట్టొద్దు. మీ గ్రూపులో కుర్రాడెవరైనా వెటకారంగా రాస్తే అవతలివాళ్లు చూసేలోపే మీరే ఆపండి. ఆపమనేది వాళ్లు చెప్పాల్సిన మాట కాదు, మనం చెప్పాల్సింది. మా గ్రూపులో ఒకడు రాస్తే నేను తీయించాను. వాడికి బలరామ్ ఎవరో తెలియదు, కూర్చోబెట్టి చెప్పాక తనే బాధపడ్డాడు.

చివరి చూపుకి వెళ్తే మీ జెర్సీలోనే వెళ్లొచ్చు, పరాయి రంగు వేసుకోనక్కర్లేదు. రజనీగంధ దండ పెట్టి, దణ్ణం పెట్టుకుని పక్కకు రండి. సెల్ఫీలు వద్దు. ఇంటివాళ్లను పాత క్లబ్ గొడవల గురించి అడగొద్దు.

స్టేడియంలో మౌనం పాటిస్తే డప్పు కింద పెట్టి, టోపీ తీసి, ఫోన్ జేబులో పెట్టుకోండి. పక్కన పిల్లలుంటే ఎవరి కోసం నిలబడ్డామో ముందే చెప్పండి. విజిల్ పడ్డాక మాత్రం ఎప్పటిలాగే అరవండి, ఆట ఆటే.

బలరామ్ గారు పోయిన తొమ్మిది రోజులకే, ఫిబ్రవరి 25న కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో డెర్బీ, అంటే మా రెండు జట్ల మ్యాచ్. మేం 2-0తో గెలిచాం. మోహన్ బగాన్ గెలిస్తే అభిమానుల ఇళ్లలో రొయ్యలు వండుకోవడం ఆనవాయితీ. ఆ రాత్రి మిత్రుడికి ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున అతనే చేసి, "రొయ్యలు తెచ్చావా?" అని అడిగాడు.