కార్బన్ డయాక్సైడును భూగర్భంలో రాయిగా మార్చే విధానం

ఈ పనిలో మొదట చూసుకోవలసింది రాయి. వాయువుతో కలిసి ఖనిజంగా మారడానికి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము కావాలి. లావా చల్లారి ఏర్పడిన బసాల్టు బరువులో సుమారు నాలుగో వంతు ఇవే ఉంటాయి. అయితే రాయి బండలా బిగుసుకుపోయి ఉండకూడదు; నీరు పారేందుకు గుల్లలూ పగుళ్లూ ఉండాలి. ఐస్‌లాండ్‌లోని హెల్లిషెయ్ది భూతాప విద్యుత్ కేంద్రం వద్ద కార్బ్‌ఫిక్స్ అనే పరిశోధక బృందం 2012లో ఇటువంటి బసాల్టులోనే పరీక్ష జరిపింది.

తరువాత వాయువును పట్టాలి. ఆ కేంద్రంలో ఆవిరితోపాటు భూమిలోంచి వచ్చే వాయువులను ఒక గోపురంలోకి పంపి, పైనుంచి నీటిని జల్లుగా కురిపిస్తారు. కార్బన్ డయాక్సైడు, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు ఆ నీటిలో కరుగుతాయి. సిమెంటు కొలిమి పొగలో నత్రజనే ఎక్కువ కాబట్టి అక్కడ పట్టే పని ఇంత తేలిక కాదు, ఖర్చులో పెద్ద వాటా దానికే పోతుంది.

అసలు కిటుకు కరిగించడంలో ఉంది. గోలీసోడాలో గోలీ బిగిసి ఉన్నంతసేపు వాయువు నీటిని వదలదు. భూగర్భంలో ఆ గోలీ పని పైనున్న నీటి బరువే చేస్తుంది; అందుకే 2012 పరీక్షలో వాయువును సుమారు 350 మీటర్ల లోతున నీటిలో కలిపి, 400 నుంచి 800 మీటర్ల లోతులోని రాతిపొరల్లోకి వదిలారు. వాయువు కరిగిన నీరు మామూలు నీటికంటే బరువు కనుక పైకి రాకుండా కిందికే దిగుతుంది. పుల్లనైన ఆ నీరు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పులుపు తగ్గే కొద్దీ, రాతినుంచి విడిపోయిన కాల్షియంతో వాయువు కలిసి, కాల్సైటు అనే తెల్లని ఖనిజంగా గుల్లల్లో పేరుకుంటుంది.

భూగర్భ జలం పారే దిశలో, దిగువన పరిశీలన బావి తవ్వడం మరువరాదు. పంపేటప్పుడే నీటిలో రేడియోధార్మిక కార్బన్-14 వంటి ఆనవాళ్లు కలిపితే, ఆ బావి నీటిలో ఎంత వాయువు తగ్గిందో లెక్క తేలుతుంది. అక్కడ రెండేళ్లలోపే 95 శాతానికి పైగా ఖనిజంగా మారింది. పరిశీలన బావిలోని మోటారు కాల్సైటు పేరుకుని పాడైపోవడం, నా దృష్టిలో, అన్ని లెక్కలకంటే కళ్లకు కట్టిన రుజువు.

ఇక మిగిలింది నీరు. టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీరు కావాలి. వికారాబాద్ కొండలవైపు దక్కను బసాల్టు ఉన్నా, వేసవిలో బోర్లు ఎండే చోట ఇది చిన్న అడ్డంకి కాదు. అందువల్ల తోడిన నీటినే మళ్లీ వాడే ఏర్పాటు సాధ్యమో కాదో ముందు తేల్చుకుని, ఆ తరువాతే బోరుకు చోటు గుర్తించాలి.