ఆస్టీరియాస్ కాక్టస్: నెల్లూరు, ప్రకాశం వాతావరణంలో పెంపకం

ముళ్లు లేని ఆస్టీరియాస్ కొన్నవాళ్లంతా భయపడేది మే నెల ఎండకి. మన వైపు దాని ప్రాణం తీసేది మాత్రం అక్టోబరు, నవంబరు వాన. దీని సొంత నేల టెక్సాస్‌లోని స్టార్ కౌంటీ, దానికి ఆనుకుని మెక్సికోలో తమావులిపాస్, న్వేవో లియోన్ రాష్ట్రాలు. అక్కడ చలికాలం పొడిగా ఉంటుంది, మొక్క నీళ్లు తాగడం మానేసి పడుకుంటుంది. మనకి సరిగ్గా ఆ నెలల్లోనే ఈశాన్య రుతుపవనం దిగుతుంది. ఒక్క వాయుగుండం పడితే మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. అందుకే కుండీ, మట్టి తర్వాత సంగతి. ముందు పైకప్పు.

200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీటు సరిపోతుంది. వాలుగా కట్టి, అంచు కుండీల వరుస దాటి రెండడుగులు బయటికి ఉంచాలి. సముద్రం వైపు నుంచి వచ్చే జల్లు నిలువుగా పడదు, తూర్పు నుంచి ఏటవాలుగా కొడుతుంది. పక్కలు మూయకూడదు. గాలి ఆడకపోతే కుండీ పైన పొడిగా కనిపించినా లోపల వారం రోజులు తడి ఆరదు. సెప్టెంబరు చివర్లో షీటు కట్టి జనవరిలో తీసేయండి. ఎండాకాలంలో వదిలేస్తే కింద వేడి బందీ అవుతుంది. 50 శాతం షేడ్ నెట్ మాత్రం ఏడాది పొడుగునా ఉండాలి, ఎందుకంటే అడవిలో ఇది పొదల నీడలో, నేలకి అంటుకుని పెరిగే మొక్క. పొద్దున పది, పదకొండు గంటల వరకు ఎండ తగిలి, పడమర వైపు గోడ అడ్డం ఉన్న చోటు మంచిది.

కొనేటప్పుడు మొక్కని వేలితో నొక్కి చూడండి. గట్టిగా, ఎనిమిది పలకలూ సమానంగా ఉండాలి. అడుగున కాస్త గోధుమ రంగు బెరడు కట్టి గట్టిగా ఉంటే అది వయసు. మెత్తగా ఉంటే కుళ్లు. అమెరికా ప్రభుత్వం 1993లో దీన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోనూ ఇది మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. నర్సరీలో గింజ నుంచి పెంచిన మొక్కలే తీసుకోండి. జపాన్‌వాళ్లు తీర్చిదిద్దిన, ఒళ్లంతా తెల్ల చుక్కల 'సూపర్ కబుటో' కూడా ఇదే జాతి, పెంపకంలో తేడా లేదు. పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్ లాంటి చోట్ల నుంచి కొరియర్‌లో తెప్పించేవాళ్లు వానాకాలం నెలలు మానుకుంటే మేలు. మట్టి లేకుండా ఒట్టి వేళ్లతో వచ్చిన మొక్కని నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటి, ఇంకో వారం తర్వాతే తొలి తడి ఇవ్వాలి. పార్సిల్‌లో తెగిన వేరుకి తడి తగిలితే అక్కడి నుంచే కుళ్లు ఎక్కుతుంది.

మిశ్రమం కొలత పది పాళ్లకి ఇలా: 3 నుంచి 5 మిల్లీమీటర్ల గ్రానైటు చిప్స్ నాలుగు, అదే సైజు ఇటుక ముక్కలు మూడు, పెన్నా ముతక ఇసుక ఒకటి, బొగ్గు ముక్కలు ఒకటి, జల్లించిన వర్మీకంపోస్టు ఒకటి. చిప్స్‌నీ ఇటుకనీ నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆ దుమ్ము వదిలేస్తే తడి ఇచ్చిన ప్రతిసారీ కిందికి జారి, చివరికి కుండీ అడుగున అడుసు పేరుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుక వద్దు, ఉప్పు. చీమకుర్తి నల్లరాయి చిప్స్ లోపల బాగానే పనికొస్తాయి గానీ పైన పరచొద్దు. మధ్యాహ్నం అవి కాలిపోయి, మొక్క అంచుని ఉడికిస్తాయి. పైన లేత రంగు గులకరాళ్లు వేయండి. మొక్క వెడల్పు కన్నా చుట్టూ ఒక అంగుళం ఎక్కువున్న మట్టి కుండీ చాలు. పెద్ద కుండీ ముద్దుగానే ఉంటుంది, కానీ ఆరదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనిమిది, పది రోజులకొక తడి. కుండీని పళ్లెంలో నీళ్లలో పది నిమిషాలు పెట్టి తీసేయడమే పద్ధతి, నెత్తిన పోయకూడదు. రోహిణి కార్తె వేడికి మొక్క ఎదుగుదల ఆపి కాస్త కుంగుతుంది. దాహమేసిందని జాలిపడి బాగా పోశారా, వేడి మట్టిలో వేళ్లు ఉడికిపోతాయి. అప్పుడు పదిహేను రోజులకోసారి, సాయంత్రం, సగం తడి. జూలై నుంచి సెప్టెంబరు మధ్య వరకు మళ్లీ మామూలే. అక్టోబరు నుంచి ఆపేయండి, మరీ ముడుచుకుంటే మూడు వారాలకోసారి కుండీ అంచున రెండు చెంచాలు. అనుమానముంటే పొడి పుల్ల అడుగుదాకా గుచ్చి చూడండి. తడి అంటితే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

నీళ్ల సంగతి దాచకుండా చెప్పాలి: కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు, తీరంలో ఉప్పుబోర్లు దీనికి పనికిరావు. కుండీ అంచున తెల్లటి పొర కడుతోందంటే వేళ్లు దెబ్బతింటున్నట్టే. పట్టిపెట్టిన వాన నీళ్లు గానీ ఏసీ నుంచి కారే నీళ్లు గానీ వాడండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు అసలే వద్దు. మొక్క పెరిగే నెలల్లో నెలకోసారి ఎరువు: లీటరు నీళ్లకి అర గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది). యూరియా వేస్తే ఒళ్లు పగులుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

వడగాలి నెలల్లో నడినెత్తిన తుప్పు రంగు కనిపిస్తే ఎర్రనల్లి. మన వేడికి గంధకం మందు ఒంటిని కాలుస్తుంది, అబామెక్టిన్ 1.9 ఈసీ అనే నల్లి మందు లీటరు నీళ్లకి అర మిల్లీ కలిపి సాయంత్రం కొట్టండి. పిండినల్లిని దూదికి స్పిరిట్ అద్ది తుడవొచ్చు, కానీ నీళ్లు పోస్తున్నా మొక్క ఉబ్బకపోతే కుండీ బోర్లించి వేళ్లు చూడాలి, తెల్ల దూది ముద్దలు అక్కడే ఉంటాయి. కడిగి, ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటాలి. ముళ్లు లేవు కాబట్టి ఉడుతలు, ఎలుకలు, వానల్లో నత్తలు నేరుగా కొరికేస్తాయి. సన్న ఇనుప జాలీ తప్ప మందు లేదు.

అడుగు కుళ్లినప్పుడు స్పిరిట్‌తో తుడిచిన కత్తితో పొరలు పొరలుగా కోస్తూ పైకి పోండి. కోతలో గోధుమ చుక్క ఒక్కటి కూడా మిగలకుండా ఉంటే, ఆ పైముక్కని వెంటనే డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటు కట్టొచ్చు. రెండింటి కోతల్లో కనిపించే నడిమి వలయాలు (నీళ్లు, ఆహారం మోసే నాళాలు) ఎంతో కొంత కలవాలి, రబ్బరు బ్యాండుతో వారం బిగించి ఉంచాలి. నడిమి వలయమే గోధుమ రంగుకి తిరిగితే పారేయండి.

పిలకలు పెట్టదు కాబట్టి కొత్త మొక్కలు గింజ నుంచే. దాని పుప్పొడి దానికి పట్టదు, ఒకేసారి పూసిన రెండు మొక్కలు కావాలి. పసుపు పువ్వు మధ్యాహ్నం విచ్చుకున్నప్పుడు సన్న బ్రష్షుతో అటూ ఇటూ అద్దండి. గింజ పాతబడకముందే, ఫిబ్రవరిలో గానీ జూలైలో గానీ, ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పట్టి చల్లార్చిన సన్న మిశ్రమం మీద చల్లండి. మట్టి కప్పొద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, 25 నుంచి 30 డిగ్రీల్లో, వారంలోపే మొలుస్తాయి. మూడు నాలుగు వారాల తర్వాత మూత రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ రండి. ఒక్కసారే తీస్తే మొలకలు ఒకే మధ్యాహ్నానికి వడలిపోతాయి.