తీరగ్రామానికి క్యాసినో ప్రతిపాదన వస్తే ఏ కాగితాలు చూడాలి, ఏ ప్రశ్నలు అడగాలి

కొత్తపట్నం, పాకల, మైపాడు, కోడూరు వంటి తీరగ్రామాలకు పెద్ద ప్రాజెక్టు ఏదైనా వస్తోందన్న సంగతి ప్రభుత్వ ప్రకటన కన్నా ముందు భూమి బేరగాళ్ల నోట వినబడుతుంది. బకింగ్‌హామ్ కాలువకు తూర్పున ఏళ్ల తరబడి అడిగే నాథుడు లేని ఇసుక దిబ్బకు, సరుగుడు తోటకు ఉన్నట్టుండి ధర పలుకుతుంది. ఆ ప్రాజెక్టును రిసార్టు అనవచ్చు, వినోద నగరం అనవచ్చు, విహార నౌక అనవచ్చు. అందులో జూదశాల కూడా ఉందని తెలిసినప్పుడు, లేదా ఉంటుందన్న అనుమానం కలిగినప్పుడు, ఊరివారు ముందుగా ఏ కాగితం చూడాలో, ఏ ప్రశ్న ఎవరిని అడగాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. కావాలనాలా వద్దనాలా అన్నది ఊరు తేల్చుకోవలసిన విషయం. అయితే నా అభిప్రాయాన్ని దాచుకోను: ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు వచ్చేంతవరకు తక్కిన వాగ్దానాలు వేటినీ లెక్కలోకి తీసుకోకూడదు. అక్కడ కూర్చొని ఆడబోయేది ఎవరు అన్నదే ఆ ప్రశ్న.

ముందు చట్టం సంగతి చూడండి. పందేలు, జూదం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశంగా ఉన్నాయి కనుక వాటిపై శాసనం చేసే అధికారం రాష్ట్రానిది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం జూదశాల నడపడాన్నీ అందులో ఆడడాన్నీ నేరంగా పరిగణిస్తుంది. 2020లో చేసిన సవరణ ఆన్‌లైన్ జూదాన్ని కూడా దాని పరిధిలోకి తెచ్చింది. అంటే క్యాసినో తెరవాలంటే కలెక్టరు సంతకమో పంచాయతీ తీర్మానమో సరిపోదు, శాసనసభ చట్టాన్నే మార్చవలసి ఉంటుంది. కాబట్టి ‘అనుమతులన్నీ వచ్చేశాయి’ అని చెప్పేవారిని ఏ చట్టం కింద, ఏ జీవో ద్వారా వచ్చాయో అడిగి, ఆ నకలు చేతికిచ్చేదాకా ఆ మాటను పుకారుగానే చూడండి. కొందరు రమ్మీ తీర్పును ముందుకు తెస్తారు. రమ్మీలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. కానీ అదే తీర్పు మూడు ముక్కలాటను కేవలం అదృష్టం మీద నడిచే ఆటగా వేరు చేసి చూపింది. తిరిగే చక్రం, నాణెం వేస్తే అంకెలు తిప్పే యంత్రం ఆ రెండవ కోవలోకే వస్తాయి.

చట్టం మారదని ధీమాగా ఉండడం కూడా సరికాదు. గోవా తన 1976 నాటి జూద నిరోధక చట్టాన్నే సవరించి మొదట నక్షత్ర హోటళ్లలో యంత్రాలకు, తరువాత నౌకల మీద ఆటలకు దారి ఇచ్చింది. ఇప్పుడు పణజి దగ్గర మాండవీ నదిలో ఆ నౌకలు లంగరు వేసుకొని ఉంటాయి. సిక్కిం ప్రత్యేకంగా చట్టం చేసుకొని అనుమతించింది. మహారాష్ట్ర 1976లోనే క్యాసినో చట్టం చేసి కూడా అమలులోకి తేకుండా, చివరకు 2023లో రద్దు చేసింది. మేఘాలయ 2021లో చట్టం తెచ్చింది కానీ, చర్చిలు, ప్రజాసంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో వెనక్కి తీసుకుంది. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. క్యాసినోల మీద ఆదాయం పొందుతున్న గోవా, సిక్కిం ప్రభుత్వాలు రెండూ తమ స్థానికులను అక్కడ ఆడనివ్వకుండా ఆంక్షలు పెట్టుకున్నాయి. సింగపూరు 2010లో క్యాసినోలను తెరిచినప్పుడే తన పౌరుల మీద ప్రవేశ రుసుము విధించింది; 2019 నుంచి అది రోజుకు 150 సింగపూరు డాలర్లు. అమ్మేవాడు తన ఇంట్లో వండుకోని సరుకును మనం కొనే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి కదా.

ఇక ఆదాయపు లెక్క. క్యాసినో వారి కాగితాలలో ‘స్థూల ఆదాయం’ అని రాసే మొత్తం ఆడినవారు పోగొట్టుకున్న సొమ్మే, వేరే ఏదీ కాదు. ఇది ఊరి సభలో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక పలక మీద లెక్క వేసి చూపించండి. ఒక సున్నా ఉన్న రౌలెట్ చక్రంలో 37 గడులు ఉంటాయి. ఒక అంకె మీద 100 రూపాయలు పెట్టి గెలిస్తే లాభంగా 3,500 ఇస్తారు. అవకాశాన్ని బట్టి న్యాయంగా ఇవ్వవలసినది 3,600. ఆ తేడా వల్ల పెట్టిన ప్రతి 100 రూపాయలలో సగటున 2 రూపాయల 70 పైసలు నిర్వాహకుడి దగ్గర మిగులుతాయి. ఇది చాలా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 10,000 రూపాయలతో కూర్చున్న మనిషి ఒక్కో ఆటకు 1,000 చొప్పున గంటలో 40 ఆటలు ఆడాడనుకుంటే, అతడు పందెం కాసిన మొత్తం 40,000 అవుతుంది; సగటు నష్టం గంటకు 1,080. ఎక్కువసేపు కూర్చోబెట్టడమే వారి వ్యాపార కిటుకు. ఆ మోసం కాని మోసానికి దొంగ పాచికల అవసరం కూడా ఉండదు.

ఈ లెక్కను ప్రతిపాదన మీద పెట్టి చూడండి. ఏడాదికి 100 కోట్ల ఆదాయం వస్తుందని కంపెనీ అంటే, 100 కోట్లు పోగొట్టుకునేవారు దొరుకుతారని వారు నమ్ముతున్నారన్న మాట. వారు చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి వస్తారా, లేక నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి వస్తారా? బయటి సొమ్ము లోపలికి వస్తే ఒక ఫలితం, లోపలి సొమ్ము బయటికి పోతే మరొక ఫలితం. సాధ్యాసాధ్యాల నివేదికలో సందర్శకుల అంచనా అనే అధ్యాయం తప్పకుండా ఉంటుంది, దానినే అడగండి. స్థానికులకు ప్రవేశం ఉండదని నోటిమాటగా చెబితే, ‘స్థానికుడు’ అంటే పంచాయతీ వాడా, జిల్లా వాడా, రాష్ట్రం వాడా, ఆధార్ చూసి ఆపేది ఎవరు, ఆపకపోతే శిక్ష ఏమిటి అన్నవి రాతపూర్వకంగా కోరండి.

స్థానికులు వెళ్లరులే అన్న భరోసా నాకు లేదు. వనామీ రొయ్య పట్టుబడి అయిన వారంలో రైతు చేతిలో ఎంత నగదు ఆడుతుందో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మత్స్యకార కుటుంబం ఎంత వడ్డీకి అప్పు తెస్తుందో ఈ తీరంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. పేకాట, కోడిపందెం, క్రికెట్ బెట్టింగ్ మనకు కొత్తవి కావు; వాటికి ఊరి సిగ్గు, పోలీసు భయం అనే రెండు అడ్డుకట్టలు ఉన్నాయి. లైసెన్సు వస్తే ఆ రెండూ తొలగిపోతాయి. అందుకే ప్రతిపాదన దశలోనే ఊరి ప్రస్తుత స్థితిని నమోదు చేసి పెట్టుకోవాలి. పొదుపు సంఘాలలో సమయానికి కట్టని అప్పులు ఎన్ని, బంగారం కుదువ పెట్టిన కుటుంబాలు ఎన్ని, బడి మానేసిన పిల్లలు ఎందరు, అద్దె ఇళ్ల ధర ఎంత, పేకాట కేసులు ఎన్ని అన్న వివరాలను పేర్లు రాయకుండా, అంకెలు మాత్రమే ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా ఎక్కించండి. ఈ పని పొదుపు సంఘాల లీడర్లు చేసినంత బాగా మరెవరూ చేయలేరు. రేపు నష్టం జరిగిందని చెప్పాలంటే నిన్న ఎలా ఉందో చూపించే కాగితం కావాలి, అది లేకనే చాలా ఊళ్లు తమ గోడును రుజువు చేసుకోలేకపోయాయి.

భూమి విషయంలో సర్వే నంబర్ల జాబితా సంపాదించడం మొదటి మెట్టు. ఒక్కొక్క నంబరుకు అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు) తీసి, అది పట్టా భూమా, డీకే పట్టానా (ప్రభుత్వం పేదలకు కేటాయించినది), పోరంబోకా (ప్రభుత్వ భూమి), రిజిస్ట్రేషను చట్టం 22ఎ నిషేధిత జాబితాలో ఉందా అన్నది చూసుకోవాలి. ప్రభుత్వమే సేకరించి ఇస్తుందని చెబితే 2013 భూసేకరణ చట్టాన్ని తెరవండి: ప్రజాప్రయోజనం కిందికి వచ్చే మౌలిక సదుపాయాల జాబితా నుంచి ప్రైవేటు హోటళ్లను ఆ చట్టం స్పష్టంగా మినహాయించింది; ప్రైవేటు కంపెనీ కోసం సేకరించేటప్పుడు బాధిత కుటుంబాలలో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం ముందస్తు అంగీకారం ఉండాలని చెప్పింది. రాష్ట్రం 2018లో ఆ చట్టానికి సవరణలు చేసింది కనుక, మీ ప్రాజెక్టుకు సామాజిక ప్రభావ అంచనా జరుగుతుందా, మినహాయించారా, మినహాయిస్తే ఏ నిబంధన కింద అని సేకరణ అధికారిని రాతపూర్వకంగా అడగాలి.

తీరం మీద కట్టడానికి వేరే నియమాలున్నాయి. 2019 తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషను ప్రకారం, 2011 జనాభా లెక్కలలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 50 మీటర్లు, అంతకు తక్కువ ఉన్నచోట 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. మన వైపు ఊళ్లు ఏ తరగతిలో ఉన్నాయో, ప్రస్తుతం ఏ పటం అమలులో ఉందో కలెక్టరేటులో అడిగి తెలుసుకోండి. 2011 నోటిఫికేషను ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండవలసిన జిల్లా స్థాయి కమిటీలో తీరప్రాంత సంప్రదాయ సమాజాల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. వలలు ఆరబెట్టే చోటు, పడవలు ఒడ్డుకు లాగే చోటు, ఎండు చేపల దిబ్బ, ఉప్పు కొటారు, గంగమ్మ గుడికి పోయే బాట ఆ పటంలో గుర్తించారా లేదా అన్నది నడిచి సరిచూడవలసిన పని. పటంలో లేని బాటను ప్రహరీ గోడ సులువుగా మింగేస్తుంది.

చాలామంది పొరబడే విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజున వెళ్లి మాట్లాడదామని ఊరివారు ఎదురుచూస్తారు. కానీ 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషను భవన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి అడుగుతూనే, 20,000 చదరపు మీటర్లు దాటినవాటికి కూడా, ఆ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి సాధారణంగా మినహాయింపు ఇచ్చింది. పోర్టుకు, థర్మల్ కేంద్రానికి టెంటు వేసి సభ పెట్టారు కదా, దీనికీ పెడతారనుకుంటే ఆ సభ ఎన్నటికీ రాకపోవచ్చు. అందువల్ల దరఖాస్తు వేసిన సమాచారం తెలిసిన వెంటనే అభ్యంతరాలను రాష్ట్ర స్థాయి పర్యావరణ మదింపు సంస్థకు, తీర నిర్వహణ సంస్థకు లిఖితంగా పంపడమే మార్గం.

నీటి లెక్క చిన్నదే కానీ గట్టిది. తీరంలో ఇసుక కింద నిలిచే తీపినీటి పొర పలచనిది. అతిగా తోడితే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. గదులు ఎన్ని, రోజుకు నీరు ఎంత, అది బోరుదా, ట్యాంకరుదా, పైపులైనుదా, బోరు అయితే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉందా అని అడగండి. వేసవిలో ఒంగోలు పట్టణమే చెరువు నీళ్లు లెక్కపెట్టుకొని వాడుకునే చోట ఈ ప్రశ్నకు దాటవేత జవాబు పనికిరాదు.

పంచాయతీకి వచ్చేదెంత? క్యాసినోల మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అది కేంద్ర, రాష్ట్ర ఖజానాలకు పోతుంది. పంచాయతీకి నేరుగా దక్కేవి ప్రధానంగా ఇంటి పన్ను, నిర్మాణ రుసుములు, రిజిస్ట్రేషన్ల మీద సర్‌చార్జి వాటా. చెత్త, రోడ్డు, వీధి దీపాలు, తాగి పడిపోయినవారి బాధ్యత పంచాయతీ మీదే పడతాయి. ఉద్యోగాల హామీ విషయంలో అట్లాంటిక్ సిటీని గుర్తుపెట్టుకోండి: 1978లో తొలి క్యాసినో తెరిచిన ఆ అమెరికా పట్టణంలో, పొరుగు రాష్ట్రాలు కూడా తెరవడంతో 2014 ఒక్క ఏడాదిలోనే నాలుగు మూతపడ్డాయి.

ప్రభుత్వ ఆదాయం పోతుందన్న వాదన నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. 1992లో దూబగుంట మహిళలు, వారిలో వర్ధినేని రోశమ్మ, సారాకు ఎదురు నిలిచినప్పుడు, ఊరూరా స్త్రీలు సారా వేలం పాటలను జరగనివ్వనప్పుడు కూడా ఖజానా మాటే వినబడింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. ఆ స్త్రీలు బడ్జెట్ పుస్తకం చదవలేదు. కూలి డబ్బులో ఎంత ఇంటికి చేరుతోందో మాత్రం వారికి పైసలతో సహా తెలుసు.

చివరి పని గ్రామసభ. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏటా కనీసం రెండుసార్లు జరగాలి. మన తీరం షెడ్యూలు ప్రాంతం (రాజ్యాంగం గుర్తించిన గిరిజన ప్రాంతం) కాదు కనుక సభ తీర్మానానికి ప్రాజెక్టును ఆపివేసే బలం లేదు. కానీ ఫైలులో ఉన్న తీర్మానాన్ని పక్కన పెట్టిన అధికారి కారణం రాయవలసి వస్తుంది, కోర్టుకు వెళితే అదే మొదటి ఆధారమవుతుంది. సంతకాల విషయంలో జాగ్రత్త. మా వైపు ఒక ఊరిలో భోజనాలు పెట్టి, హాజరు పట్టీ అని చెప్పి సంతకాలు చేయించుకున్నారు. తరువాత అవే సంతకాలు అంగీకార పత్రానికి జతపడి కనిపించాయి. పైన విషయం రాసి లేని కాగితం మీద సంతకం, వేలిముద్ర రెండూ వేయకండి. కులపెద్దలు కట్టుబాటు పెట్టి అందరిచేత ఒకే మాట చెప్పించడం కూడా మంచిది కాదు. భయపడి ఒప్పుకున్న ఐక్యత డబ్బు సంచి కనబడగానే చీలిపోతుంది, పైగా వెలి వంటివి చట్టం ముందు మనల్నే దోషులను చేస్తాయి.

సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో జవాబు రావాలి, రాకపోతే మరో 30 రోజులలోపు మొదటి అప్పీలు వేయాలి. ‘ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే వివరాలు లేవని జవాబు వస్తుంది. ఫలానా సర్వే నంబర్లలో భూమి కేటాయింపు కోసం ఫలానా తేదీ తరువాత వచ్చిన దరఖాస్తుల నకళ్లు, వాటిపై నోట్‌ఫైలు (అధికారులు అభిప్రాయాలు రాసే ఫైలు) పేజీలు అని రాయండి. తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చిన ప్రతి కాగితానికీ రెండవ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకొని, ఆ ప్రతులను ఒక్కరి ఇంట్లో కాక మూడు ఇళ్లలో ఉంచండి.