తాతల నాటి రివాల్వర్‌కు లైసెన్సు: వరంగల్, ఉత్తర తెలంగాణ వాళ్ళకు దరఖాస్తు విధానం

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత కుటుంబాల్లో తాతల నాటి రివాల్వర్ ఒకటి ఉండటం వింతేమీ కాదు. దొరల కుటుంబాల్లో ఉన్నవి కొన్ని, సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు లైసెన్సు తీసుకుని కొనుక్కున్నవి కొన్ని. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ రెన్యువల్ సక్రమంగానే జరుగుతుంది. చిక్కంతా ఆయన పోయాకే మొదలవుతుంది. కర్మకాండల హడావుడిలో ఎవరికీ గుర్తుండదు, గుర్తొచ్చినవాళ్ళు పోలీసులతో మనకెందుకని ఊరుకుంటారు. వస్తువు మాత్రం బీరువాలోనే ఉంటుంది.

లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. ఆయన పోయిన రోజు నుంచి ఆ కాగితం ఇంట్లో మిగతావాళ్ళకు రక్షణ ఇవ్వదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే జైలు శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత అది రెండేళ్ళకు తగ్గకుండా ఐదేళ్ళ దాకా పడొచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వారసులు ఆ ఆయుధాన్ని తమ పేరు మీదకు మార్చుకోవడానికి అదే చట్టంలో దారి ఉంది. ఆ దారి తెలియకే ఎంతోమంది మంచి వస్తువును పోగొట్టుకుంటున్నారు, లేదా ఏళ్ళ తరబడి టెన్షన్‌తో బతుకుతున్నారు.

ముందు డిపాజిట్, తర్వాతే దరఖాస్తు

చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కకండి. ముందు స్టేషన్‌కు వెళ్ళి ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి) లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఎప్పుడు, ఎలా తీసుకురావాలో వాళ్ళనే అడగండి, లేదా వాళ్ళనే వచ్చి తీసుకెళ్ళమనండి. ఆ ఉత్తరం నకలు మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోవాలి.

డిపాజిట్ రసీదు ఈ పని మొత్తానికీ ప్రాణం. అందులో తయారీదారు పేరు, బోర్ (గొట్టం లోపలి కొలత), ఆయుధం నంబరు, ఎన్ని తూటాలు ఇచ్చారన్నది స్పష్టంగా ఉండాలి. ‘ఒక పాత రివాల్వర్’ అని రాసి ఇస్తే ఒప్పుకోకండి. రేపు మీ వస్తువు ఏదో తేల్చేది ఆ నంబరే. ఇంగ్లండ్‌లో తయారైన పాత వెబ్లీ రివాల్వర్ల మీద పిడికి పైన ఉండే ఉక్కు చట్రం మీద నంబరు చెక్కి ఉంటుంది. తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ మీద కూడా అదే నంబరు ఉండొచ్చు. రెండు చోట్లా ఒకే నంబరుంటే రెండూ రాయించండి. ఏళ్ళ తరబడి తోలు కేసులో ఉంచినవాటికి తోలు లాగిన తేమతో తుప్పు పట్టి, ఆ అంకెలు సరిగ్గా కనిపించవు. అలాంటప్పుడు ఆకురాయితో గీకి శుభ్రం చేయొద్దు. గుర్తింపు నంబరు చెరిగిన ఆయుధాన్ని ఉంచుకోవడమే చట్టప్రకారం వేరే నేరం. మెత్తటి గుడ్డతో తుడిచి, మిగతాది పోలీసు ఆర్మరర్‌కు (ఆయుధాలు పరీక్షించి బాగుచేసే నిపుణుడికి) వదిలేయండి. తూటాల ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తే వాటినసలు కదపొద్దు, ఉన్న సంగతి వాళ్ళకు ముందే చెప్పండి.

డిపాజిట్ చేస్తే ఇక తిరిగి రాదేమోనని చాలామంది భయం. చనిపోయిన వ్యక్తి వారసుడికి లైసెన్సు వస్తే దాన్ని తిరిగి తీసుకునే హక్కు అదే సెక్షన్‌లో ఉంది. అక్కర్లేదనుకుంటే, తీసుకునే అర్హత ఉన్నవాళ్ళకు అమ్ముకునే హక్కు కూడా ఉంది. అయితే గడువులోగా ఏదో ఒకటి చేయకపోతే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. అందుకే డిపాజిట్ చేసిన వారంలోనే కాగితాల పని మొదలుపెట్టాలి.

మీ రివాల్వర్ ఏ కోవలోకి వస్తుంది

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పాతదైతే చాలు లైసెన్సు అక్కర్లేదని ఊళ్ళో ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాటలో సగమే నిజం. చట్టంలోని 45వ సెక్షన్ మినహాయించేది పాత నమూనావి, పురాతన విలువ ఉన్నవి, పాడైపోయినవి. అదీ బాగు చేసినా సరే తుపాకీగా పనికిరాని స్థితిలో ఉంటేనే. బిగుసుకుపోయిన రివాల్వర్ కాస్త నూనె, ఒక కొత్త స్ప్రింగుతో పేలగలిగితే మినహాయింపు వర్తించదు. పనికొస్తుందా రాదా అన్నది మీరో నేనో తేల్చే విషయం కాదు, ఆర్మరర్ పరీక్షించి రాసివ్వాలి. లైసెన్సు తలనొప్పి పోతుందని ఊళ్ళో లేత్ షాపుకు తీసుకెళ్ళి గొట్టం మూయించడం, కోయించడం లాంటివి పొరపాటున కూడా చేయొద్దు. గొట్టం కురచ చేయడం దానంతటదే పెద్ద నేరం. పైగా వందేళ్ళ వస్తువు విలువ ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ ఆయుధ నిబంధనలను సవరిస్తూ ఇంకో స్పష్టత ఇచ్చింది. ‘క్యూరియో’ (సేకరించి దాచుకునే అరుదైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు సేకరించడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. వాటిని వాడాలన్నా, వెంట తీసుకెళ్ళాలన్నా, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తరలించాలన్నా మాత్రం లైసెన్సు ఉండాలి. లైసెన్సులో ఎక్కని ఆయుధానికి తూటాలు అమ్మకూడదు కూడా. పాత రివాల్వర్లు సేకరించాలన్న ఇష్టం ఉన్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట. మీ వస్తువు ఆ కోవలోకి వస్తుందని లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే దాన్ని నమ్ముకోండి.

పనిచేసే రివాల్వర్ అయితే బోర్ చూడాలి. 0.32 బోర్ మామూలు లైసెన్సు కిందికి వస్తుంది. 0.380, 0.455 తూటాలు పట్టేవి నిషిద్ధ బోర్. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు వెబ్లీ 0.455 సైనిక రివాల్వర్ ఇంట్లో ఉందంటే జిల్లా స్థాయిలో పని అవదు, అనుమతి కేంద్ర హోం శాఖ నుంచి రావాలి. గొట్టం పక్కన చెక్కిన అంకె చదివి ఈ సంగతి ముందే తెలుసుకుంటే నెలల తరబడి తిరగడం తప్పుతుంది.

ఎవరికి, ఎలా పెట్టుకోవాలి

వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాలవాళ్ళకు లైసెన్సింగ్ అధికారి వరంగల్ పోలీస్ కమిషనర్. కరీంనగర్, రామగుండం, నిజామాబాద్, సిద్దిపేట కమిషనరేట్ల పరిధిలోనూ ఇదే పద్ధతి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జగిత్యాల లాంటి కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్‌కు పెట్టుకోవాలి. వ్యక్తిగత లైసెన్సు దరఖాస్తుకు ఫారం ఏ-1. దేశంలోని ఆయుధ లైసెన్సులన్నీ ఎన్‌డీఏఎల్ అనే జాతీయ డేటాబేస్‌లో ఉంటాయి, ప్రతి లైసెన్సుదారుకూ యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు ఉంటుంది. చనిపోయిన పెద్దాయన లైసెన్సులో ఆ నంబరు ఉంటే దరఖాస్తులో తప్పకుండా రాయండి. ఉర్దూలో ఉన్న నిజాం కాలపు లైసెన్సు దొరికితే అది కూడా జత చేయండి. ఆయుధం చట్టబద్ధంగానే ఇంటికి వచ్చిందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

2016 ఆయుధ నిబంధనల్లో 25వ నిబంధన వారసుల కోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోయాక ఆయన చట్టబద్ధ వారసుడికి లైసెన్సు ఇవ్వొచ్చు. ఆయన బతికి ఉండగానే మార్చుకునే వీలు కూడా ఉంది: ఆయనకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నా, తానే ఒక వారసుణ్ణి సూచించవచ్చు. ఇంట్లో పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని చేయించుకోండని నేను గట్టిగా చెబుతాను. ఆయన సంతకం ఒక్కటి ఉంటే సగం కాగితాలు తప్పుతాయి.

చనిపోయాక అయితే మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత లైసెన్సు, డిపాజిట్ రసీదు కావాలి. వీటికంటే ఎక్కువ ఆలస్యం చేయించేది మిగతా వారసుల నిరభ్యంతర అఫిడవిట్. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అమ్మ, అందరూ స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించి ఇవ్వాలి. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న తమ్ముడి సంతకం కోసం ఫైలు ఆగిపోవడం మన వైపు మామూలే, కాబట్టి ముందు ఆ కాగితం సంగతి చూడండి. ఆధార్, చిరునామా, వయసు రుజువులు, ఫొటోలు ఎలాగూ ఉంటాయి. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండి ఉండాలి. శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టర్ ధ్రువపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ సర్టిఫికెట్, ఆయుధాన్ని తాళం వేసి భద్రపరుస్తామన్న హామీపత్రం కూడా జత చేయాలి. ఒక మనిషి పేరు మీద రెండు ఆయుధాలే ఉండాలన్న పరిమితి వారసత్వానికీ వర్తిస్తుంది. మీకు ఇప్పటికే రెండుంటే తాతగారిది ఇంట్లో ఇంకెవరి పేరు మీదకో వెళ్ళాలి.

తర్వాత పోలీసు విచారణ. స్థానిక స్టేషన్ నుంచి, స్పెషల్ బ్రాంచ్ నుంచి ఇంటికి వస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు, పాత కేసులేమైనా ఉన్నాయా చూస్తారు. ఉత్తర తెలంగాణలో దశాబ్దాల పాటు మావోయిస్టు ఉద్యమం నడిచింది కాబట్టి ఆయుధం విషయంలో ప్రశ్నలు ఎక్కువే ఉంటాయి. విసుక్కోకుండా సమాధానం చెప్పండి. ఎక్కడ దాస్తారని అడిగితే గోడకు బిగించిన ఇనుప లాకర్ చూపించగలగాలి, తూటాలకు వేరే అర ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద పై అధికారికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కాల్చాలనుకునేవాళ్ళకు

లైసెన్సు వచ్చింది కదా అని మామిడి తోటలో డబ్బా పెట్టి కాల్చడం కుదరదు. సంబరాల్లో నిర్లక్ష్యంగా గాలిలోకి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్ళి బరాత్‌లకు దాన్ని దూరంగా ఉంచండి. కాల్చడం నేర్చుకోవాలంటే రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుని గుర్తింపు ఉన్న రేంజ్‌కే వెళ్ళాలి. పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగానికి 0.32 సరిపోయే బోర్. అయినా తాతల నాటి రివాల్వర్‌ను ఆ పని మీద రేంజ్‌కు తీసుకెళ్ళమని నేను చెప్పను. పాతకాలపు నల్ల తుపాకీమందు వాడిన రోజుల్లో చేసిన సిలిండర్ ఈనాటి తూటా ఒత్తిడికి చిట్లిపోవచ్చు. నేర్చుకునేవాళ్ళకు ఎయిర్ పిస్టల్ మేలు. 0.177 బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

లైసెన్సు గడువు ఐదేళ్ళు. రెన్యువల్‌కు కనీసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. ఇల్లు మారితే కొత్త చోటి లైసెన్సింగ్ అధికారికి తెలియజేయాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్ నుంచి కబురొస్తే ఆయుధాన్ని డిపాజిట్ చేసి, నంబరు రాసి ఉన్న రసీదు తీసుకుని, ఫలితాలయ్యాక తిరిగి తెచ్చుకోవాలి.